సాఫ్టువేరు అప్‌డేటు వలన ఫోను చెడినచో నష్టపరిహారము పొందు విధము

విత్తనము మొలవనిచో ఎవరిని అడుగవలెనో మన సభ్యులకు తెలిసియే యున్నది. సంచిమీది చీటీని, దుకాణదారు నిచ్చిన రసీదును దాచుకొనుడని మేము గ్రామ సభలలో పలుమారులు చెప్పియున్నాము. చెప్పినట్లు దాచుకొన్నవారు కొందరు పరిహారము పొందిరి. దాచుకొననివారు ఊరక యుండవలసి వచ్చెను. చేతిలోని ఫోను ఒక రాత్రి అప్‌డేటు తరువాత చెడిపోయినచో ఎవరిని అడుగవలెను, ఏమి అడుగవలెను, ఏ కాగితము చూపవలెను అను సంగతులు మాత్రము చాలమందికి తెలియవు. మాకును మొన్నటివరకు సరిగా తెలియదు. తెలియక మేమిచ్చిన ఒక సలహావలన మన సభ్యుడొకరు నష్టపడిరి. ఆ నష్టము మరియొకరికి రాకుండుటకై ఈ పాఠము వ్రాయుచున్నాము.

జరిగిన సంగతి

2025–26 పత్తి కాలమున భారత పత్తి సంస్థవారు కొనుగోలునకు కపాస్ కిసాన్ అను యాప్‌ను ఏర్పాటు చేసిరి. రైతు అందులో పేరు నమోదు చేసికొని, సరకు తెచ్చు దినమును ముందుగా కుదుర్చుకొనవలసి యుండెను. పొడుగుపింజ పత్తికి ఆ సంవత్సరపు మద్దతుధర క్వింటాలుకు 8,110 రూపాయలు. మా పరిధిలోని ఒక సభ్యుడు, నాలుగెకరముల పత్తి వేసినవారు, దినము కుదుర్చుకొనవలసిన వారములోనే ఫోనును తువ్వాలలో చుట్టుకొని మా యొద్దకు వచ్చిరి.

“అయ్యగారూ, రాత్రి అప్‌డేటు చేయుమని అడిగినది, సరేనని నొక్కితిని. తెల్లవారుసరికి తెరమీద పచ్చని గీత పడినది. ఇప్పుడు అంతయు నలుపే” అనిరి.

కంపెనీవారి సర్వీసు సెంటరునకు పోయిరా యని అడిగితిమి. పోయిరట. వారంటీ గడచిపోయినది, తెర మార్చుటకు 8,200 రూపాయలు అగునని చెప్పి పంపిరట. కాగితమేమైన ఇచ్చిరా యన్నచో ఇయ్యలేదనిరి. అప్పుడు మేమొక పొరపాటు చేసితిమి. పని తొందరగా జరుగవలెనను తలంపుతో, బస్సుస్టాండు వద్ద ఫోనులు బాగుచేయు దుకాణమునకు పోయి చూపుడని చెప్పితిమి. ఆ దుకాణదారు ఫోనును విప్పి, లాభము లేదని మరల మూసి ఇచ్చెను. ఈలోగా దినము కుదుర్చుకొను గడువు దాటెను. సభ్యుడు సరకును ఇంటిలో ఉంచుకొనలేక, మద్దతుధరకంటె క్వింటాలుకు వేయి రూపాయలకు పైగా తక్కువకు బయటి వర్తకునికి అమ్ముకొనిరి.

ఆ తరువాత మేము చట్టమును చదివి, తెలిసినవారిని అడిగి నేర్చుకొన్న సంగతులు క్రింద వ్రాయుచున్నాము.

అప్‌డేటు ఫోనును ఎట్లు చెరుపగలదు

ఫోనునందు రెండు భాగములు గలవు. తెర, బ్యాటరీ, లోపలి బోర్డు మొదలగునవి చేతితో తాకగల సామాను. ఆ సామాను ఎప్పుడేమి చేయవలెనో చెప్పు ఆజ్ఞల మొత్తమునకు సాఫ్టువేరని పేరు. మోటారును స్టార్టరు నడిపినట్లు సామానును సాఫ్టువేరు నడుపును. ఆ ఆజ్ఞలను కంపెనీవారు దూరమునుండియే మార్చి పంపుదురు. దానినే అప్‌డేటు అందురు.

అప్‌డేటు చెడ్డది కాదు. దొంగలు చొరబడు కంతలను పూడ్చుటకు అది అవసరము. బ్యాంకి పనులు ఫోనుమీద చేయువారు దానిని మానరాదు. అయినను నాలుగు విధములుగా దానివలన చెరుపు కలుగవచ్చును. మొదటిది, నడుమ చార్జీ అయిపోయి పని సగములో ఆగినచో ఫోను కంపెనీ గుర్తు దగ్గరనే నిలిచిపోవును. రెండవది, క్రొత్త సామానుకై వ్రాసిన బరువైన ఆజ్ఞలను పాత ఫోనులో వేసినచో అది నెమ్మదించును, వేడెక్కును. మూడవది, బ్యాటరీ పాతదైనదని కంపెనీవారే దాని శక్తిని తగ్గించు ఆజ్ఞ పంపవచ్చును. నాలుగవది, బయట మార్చిన భాగమును క్రొత్త సాఫ్టువేరు గుర్తింపక ఫోనును మూసివేయవచ్చును.

తెరమీద గీతలు పడుట ఈ నాలుగింటిలో తేటగా చేరదు. గీత సామానులోని లోపమని కంపెనీలు చెప్పుచుండును. అప్‌డేటు తరువాతనే వచ్చెనని కొన్నవారు చెప్పుచుందురు. కాబట్టి అట్టి తగవులో రుజువు మరింత అవసరము.

ఇతర దేశములలో ఏమి జరిగినది

ఈ తగవు మన ఊరికి మాత్రమే వచ్చినది కాదు. పెద్ద కంపెనీలతో పెద్ద దేశముల ప్రజలును ఇదే తగవు పడిరి. వాటిలో మనకు పనికివచ్చు పాఠములు గలవు.

ఇటలీ దేశపు పోటీ, వినియోగదారుల రక్షణ సంస్థ 2018 అక్టోబరులో ఆపిల్ కంపెనీకి 1 కోటి యూరోలు, శాంసంగ్ కంపెనీకి 50 లక్షల యూరోలు జరిమానా వేసెను. క్రొత్త ఫోనులకై సిద్ధము చేసిన అప్‌డేటును పాత ఫోనులవారు వేసికొనునట్లు చేసి, దానివలన కలుగు ఇబ్బందిని ముందుగా చెప్పకపోవుట, పూర్వస్థితికి తెచ్చుకొను మార్గము చూపకపోవుట వారి తప్పులని నిర్ణయించెను. శాంసంగ్ విషయమున గెలాక్సీ నోట్ 4 ఫోనును, ఆపిల్ విషయమున ఐఫోన్ 6ను పేర్కొనిరి.

ఆస్ట్రేలియాలో 2015, 2016 సంవత్సరములలో అప్‌డేటు తరువాత కొన్ని ఐఫోనులు “ఎర్రర్ 53” అని చూపి పూర్తిగా పనిమానెను. బయట బాగుచేయించుకొన్నారు గనుక మా బాధ్యత లేదని కంపెనీవారు కనీసము 275 మందికి చెప్పిరి. అట్లు చెప్పుట తప్పని అక్కడి ఫెడరల్ కోర్టు 2018 జూనులో 90 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించెను. బయట బాగుచేయించినంత మాత్రమున హక్కు పోదని ఆ కోర్టు భావము.

పాత బ్యాటరీలుగల ఐఫోనులను అప్‌డేటు ద్వారా నెమ్మదింపజేసినట్లు ఆపిల్ కంపెనీ 2017 డిసెంబరులో ఒప్పుకొనెను. అమెరికాలో కొన్నవారందరి పక్షమున వ్యాజ్యములు పడగా, కంపెనీ తాను తప్పు చేసితినని అంగీకరింపకయే 2020లో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించుటకు రాజీపడెను. 2024 ఆరంభమున ఒక్కొక్కరికి సుమారు 92 డాలర్లు ముట్టెను. అయితే గడువులోగా అర్జీ పెట్టుకొన్నవారికే ముట్టెను, ఊరకున్నవారికి ముట్టలేదు.

కోర్టు వరకు పోకుండ తీరినదియు గలదు. 2025 జనవరిలో గూగుల్ కంపెనీ పిక్సెల్ 4ఏ ఫోనులకు పంపిన అప్‌డేటువలన కొన్నింటి బ్యాటరీ నిలుచు కాలము తగ్గెను. అట్టివారికి ఉచితముగా బ్యాటరీ మార్చుట గాని, కొంత సొమ్ము గాని, క్రొత్త ఫోను ధరలో తగ్గింపు గాని ఇచ్చెదమని కంపెనీవారే ప్రకటించిరి. కావున ఫోను చెడగానే మొదట ఆ కంపెనీ అట్టి ప్రకటన యేదైన చేసినదేమో విచారింపవలెను.

మన దేశమునను 2025 జనవరిలో, ఐఓఎస్ 18 అప్‌డేటు తరువాత ఫోనులు సరిగా పనిచేయుట లేదని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనునకు ఫిర్యాదులు రాగా, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆపిల్ కంపెనీకి నోటీసు ఇచ్చెనని కేంద్ర మంత్రి ప్రహ్లాద్ జోషి ప్రకటించిరి. ఒక్కొక్కరు చేసిన చిన్న ఫిర్యాదులే ఒకచోట కూడి ఆ నోటీసయ్యెను.

మన చట్టము చెప్పునది

1986 సంవత్సరపు వినియోగదారుల చట్టమునకు బదులుగా 2019 చట్టము 2020 జూలై 20వ తేదీనుండి అమలునకు వచ్చినది. అందు మనకు కావలసిన సంగతులివి.

రైతు వినియోగదారుడే. వ్యాపారముకొరకు కొన్న వస్తువుపై ఫిర్యాదు చెల్లదను మాట నిజమే గాని, తన జీవనోపాధికై తానే కష్టపడి చేయు పనికి కొన్న వస్తువునకు ఆ నిషేధము లేదు. విత్తనము కొన్న రైతు వినియోగదారుడేనని మన ఆంధ్రప్రదేశ్ రైతుల వ్యాజ్యములలోనే సుప్రీంకోర్టు 2012 జనవరిలో తీర్పు చెప్పినది. సహకార సంఘమును చట్టము “వ్యక్తి” యను మాటలో చేర్చినది. కావున సంఘము తన పేర కొన్న ఫోనుకు ఫిర్యాదు చేయునప్పుడు, అది లాభవ్యాపారమునకు కొన్నది కాదని మాత్రము చూపగలిగి యుండవలెను.

వస్తువు గుణములో నుండవలసిన ప్రమాణము లేకపోవుట “లోపము”. సేవలో అజాగ్రత్త చూపుట, తెలిసిన సంగతిని కావలెనని దాచుట “సేవాలోపము”. అప్‌డేటు ఉచితము గనుక అది చట్టములోని సేవ కాదని కంపెనీవారు వాదింపవచ్చును. ఉచిత సేవను చట్టము మినహాయించిన మాట వాస్తవమే. దానికి మన ప్రత్యుత్తరము: “ఇన్ని సంవత్సరములు అప్‌డేటులు ఇచ్చెదమని చెప్పి మీరు ఫోను అమ్మితిరి. దాని ఖరీదు ఫోను ధరలోనే యున్నది.” ఇందుకై ఫోను కొన్ననాటి ప్రకటనను, పెట్టెమీది వ్రాతను దాచుకొనుట మంచిది.

ఇచ్చట ఒక మెలిక గలదు. ఈ చట్టములో “ఉత్పత్తి బాధ్యత” అను క్రొత్త అధ్యాయమున్నది. పేరు చూచి ఫోను తగవునకు అదియే మార్గమని తోచును. కాని ఆ అధ్యాయములో “హాని” యనగా మనుష్యునికో, అతని ఇతర ఆస్తికో కలిగిన హానియేగాని, ఆ వస్తువునకే కలిగిన చెరుపు కాదు. బ్యాటరీ పేలి చేయి కాలినచో ఆ అధ్యాయము పనికివచ్చును. ఫోనే చెడినచో మన ఫిర్యాదు “వస్తు లోపము, సేవాలోపము” అను పేర్లమీద నడువవలెను.

చెడిన దినముననే చేయవలసినవి

మొదట సిమ్ముకార్డును తీసి ఇంటిలోని మరియొక ఫోనులో వేయవలెను. పాత బటన్ల ఫోనైనను చాలును. ఓటీపీ దానికే వచ్చును. మా సభ్యునికి మేమీ మాట ఒక్కటి చెప్పియుండినచో, వారు కుమారుని ఫోనుమీద దినము కుదుర్చుకొని యుండెడివారు. పత్తి మద్దతుధరకే పోయెడిది. తోచనిది వారికి కాదు, మాకు.

రెండవది, చెడిన ఫోనును మరియొక ఫోనుతో ఫొటో తీయవలెను. తెర వెలుగుచున్నచో సెట్టింగులలో సాఫ్టువేరు సంఖ్యను, అప్‌డేటు వేసిన తేదీని చూపు పుటను గూడ తీయవలెను. *#06# అని నొక్కినచో వచ్చు ఐఎంఈఐ సంఖ్యను వ్రాసికొనవలెను. తెర నల్లబడినచో అది పెట్టెమీదను, బిల్లుమీదను ఉండును.

మూడవది, బయటి దుకాణములో విప్పింపరాదు. విప్పించినంతనే హక్కు పోదు. అయినను చెరుపు అప్‌డేటువలన కలిగెనా, విప్పినవాని చేతివలన కలిగెనా అను సందేహమునకు మనమే తావిచ్చినట్లగును. విత్తనపు వ్యాజ్యములో, రైతు విత్తనమంతయు చల్లివేయును గనుక పరీక్షకు దాచియుంచవలెనని ఆశించుట తగదని సుప్రీంకోర్టు చెప్పినది. ఫోను అట్లు కాదు. అది మన చేతిలోనే యుండును. దానిని చెరుపక ఉంచుట మన పని.

నాలుగవది, కంపెనీవారి సర్వీసు సెంటరునకు పోయి జాబ్ షీటు తీసికొనవలెను. అందు “అప్‌డేటు తరువాత తెర పోయినది” అని మనము చెప్పినట్లే వ్రాయించవలెను. “తెర పనిచేయుటలేదు” అని మాత్రమే వ్రాసి ఇచ్చినచో చాలదు. పైకి దెబ్బ, తడి గుర్తు లేదని వారు చూచినచో దానిని గూడ వ్రాయుడని కోరవలెను. కాగితము ఇయ్యనిచో అచ్చటినుండియే కంపెనీ కస్టమరు కేరుకు ఫోనుచేసి ఫిర్యాదు సంఖ్యను పొందవలెను.

పొలములో మడి పక్కన మడి

“అప్‌డేటు తరువాత చెడినది” అనుట వేరు, “అప్‌డేటువలన చెడినది” అనుట వేరు. వాన కురిసిన మరునాడు పురుగు కనబడినంత మాత్రమున వానయే పురుగును తెచ్చెననలేము. అందుచేతనే మేము క్రొత్త ఎరువును చూపునప్పుడు ఎరువు వేసిన మడి పక్కన వేయని మడిని ఉంచుచున్నాము. రెండింటిని పోల్చిననే నిజము తెలియును.

ఫోనునకును అదే పద్ధతి. మా సభ్యుని ఫోను సంగతి తెలిసిన తరువాత మేము ఆ ఊరిలో అదే రకపు ఫోనులు ఎవరివద్ద గలవో విచారించితిమి. అయిదు దొరికెను. అప్‌డేటు వేసిన మూడింటికిని నెలలోగా గీత పడెను. వేయని రెండును బాగుగా నుండెను. అయిదు ఫోనులు చిన్న లెక్కయే. దానితో సంగతి తేలిపోయెనని మేమనము. అయినను పేరు, ఫోను రకము, కొన్న తేదీ, అప్‌డేటు తేదీ, గీత పడిన తేదీ వరుసగా వ్రాసిన ఆ ఒక్క కాగితమును చూచిన తరువాతనే కంపెనీవారి మాట మెత్తబడెను. మన సంఘములో నెలకొకసారి సభ్యులు కూడుదురు. ఇట్టి పట్టిక తయారుచేయుటకు సంఘముకంటె తగిన స్థలము లేదు.

ఈ పట్టికలో అబద్ధము చేర్చరాదు. ఫోను ఒకప్పుడు గట్టుమీదనుండి జారిపడియున్నచో ఆ మాటను గూడ వ్రాయవలెను. దాచినది బయటపడినచో నిజమైన మిగిలిన మాటలును నమ్మబడవు.

ఫిర్యాదు మెట్లు

మొదటి మెట్టు కంపెనీకి వ్రాతమూలకమైన నోటీసు. స్పీడుపోస్టున పంపి రసీదు దాచుకొనవలెను. ఈమెయిలున్నచో దానికిని పంపవలెను. మాదిరి యిది:

“అయ్యా, నేను ఫలానా తేదీన ఫలానా దుకాణములో ఇన్ని రూపాయలకు మీ ఫోను కొంటిని. దాని ఐఎంఈఐ సంఖ్య ఇది. ఫలానా తేదీ రాత్రి మీరు పంపిన అప్‌డేటు వేసితిని. మరునాడు తెరపై గీత పడి, ఫలానా తేదీకి పూర్తిగా పోయినది. ఫోను పడలేదు, తడవలేదు, విప్పబడలేదు. సర్వీసు సెంటరువారి జాబ్ షీటు నకలు జతపరచితిని. 15 దినములలోగా ఉచితముగా బాగుచేసి గాని, మార్చి గాని, ధర తిరిగి గాని ఇయ్యవలెను. లేనిచో వినియోగదారుల కమిషనునకు పోయెదను.”

రెండవ మెట్టు 1915. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులోను మాటలాడవచ్చును. వారు తీర్పు చెప్పువారు కారు. కంపెనీకి ఫిర్యాదు పంపి రాజీకి ప్రయత్నింతురు. చాల తగవులకు ఇదియే చాలును. వారిచ్చిన సంఖ్యను వ్రాసికొనవలెను.

మూడవ మెట్టు జిల్లా వినియోగదారుల కమిషను. వస్తువునకు చెల్లించిన ధర 50 లక్షల వరకు ఈ కమిషను విచారించును. ధర 5 లక్షల లోపైనచో రుసుము లేదు. కంపెనీ బెంగుళూరులో నున్నను ఢిల్లీలో నున్నను, మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. వకీలును పెట్టుకొని తీరవలెనను నియమము లేదు. 2025 జనవరి నుండి ఈ-జాగృతి అను వెబ్‌సైటు ద్వారా ఇంటినుండియు దాఖలు చేయవచ్చును. కంపెనీని, అమ్మిన దుకాణమును, సర్వీసు సెంటరును ముగ్గురిని ప్రతివాదులుగా చేర్చుట వాడుక. లేనిచో ఒకరు మరియొకరిమీదికి త్రోయుదురు.

తగవునకు కారణము పుట్టిన దినమునుండి రెండు సంవత్సరములలోగా ఫిర్యాదు వేయవలెను. నోటీసు అందిన ప్రతివాది 30 దినములలో జవాబియ్యవలెను. మరి 15 దినములకు మించి గడువు పొడిగింపరు. పరీక్ష అవసరమైనచో కమిషను ఫోనును ప్రయోగశాలకు పంపగలదు. దానికగు ఖర్చును ముందుగా ఫిర్యాదుదారు కట్టవలసి రావచ్చును. పరీక్ష అక్కరలేనిచో మూడు నెలలలో, అవసరమైనచో అయిదు నెలలలో తీర్పు చెప్పుటకు ప్రయత్నింపవలెనని చట్టములో నున్నది, ఆచరణమున ఆలస్యమగుచుండును. తీర్పు నచ్చనివారు 45 దినములలో రాష్ట్ర కమిషనునకు పోవచ్చును. కంపెనీ అట్లు పోదలచినచో చెల్లింపుమన్న సొమ్ములో సగము ముందుగా కట్టవలెను. తీర్పును ఉల్లంఘించినవారికి జైలుగాని జరిమానాగాని గలదు.

ఒకే తగవుగల పలువురు, కమిషను అనుమతితో, అందరి పక్షమున ఒకే ఫిర్యాదు వేయవచ్చును. ఆ అయిదు ఫోనుల వంటి సందర్భమునకు ఇది తగినది.

ఏమి అడుగవచ్చును, ఎంత అడుగవలెను

లోపమును సవరించుట, వస్తువును మార్చుట, ధర తిరిగి ఇచ్చుట, అజాగ్రత్తవలన కలిగిన నష్టమునకు పరిహారము, వ్యాజ్యపు ఖర్చులు – ఇవి కమిషను ఇప్పింపగలది. రెండేండ్లు వాడిన ఫోనుకు పూర్తి ధర రాకపోవచ్చును. ఆ వాడుక విలువను మనమే తగ్గించి అడిగినచో మన మాటకు బరువు పెరుగును.

పత్తి ధరలో పోయిన సొమ్మును అడుగవచ్చునా? అడుగవచ్చును గాని రాబట్టుట కష్టము. అప్‌డేటునకును పత్తి అమ్మకమునకును నడుమ సంబంధమును చూపవలెను. అదియుగాక, నష్టమును తగ్గించుకొను ఉపాయము చేతిలో నున్నప్పుడు దానిని లెక్కలోనికి తీసికొనవలెనని 1872 కాంట్రాక్టు చట్టము 73వ సెక్షను వివరణలో గలదు. “సిమ్మును మరియొక ఫోనులో ఏల వేయలేదు?” అని అడిగినచో మా సభ్యునికి జవాబు లేదు. ఆ ప్రశ్నకు బాధ్యులము మేము.

చివరకు జరిగినది ఇది. మూడు ఫోనులవారును 1915కు ఫిర్యాదు చేసిరి. విప్పని రెండు ఫోనులకు కంపెనీవారు తెరను ఉచితముగా మార్చిరి. వాటిలో ఒకటి డ్వాక్రా సంఘపు సోదరిది. ఆమె పెట్టెను, బిల్లును, జాబ్ షీటును ఒకే సంచిలో పెట్టి తెచ్చిరి. మా సభ్యుని ఫోను బయట విప్పబడినదని చెప్పి, సగము ఖర్చే భరించెదమనిరి. కమిషనునకు పోవచ్చునని మేము చెప్పితిమి. దాని ఫలితమునకై ఎదురుచూచుటకంటె ఇది చాలునని వారు సగమునకు ఒప్పుకొనిరి. 4,100 రూపాయలు కట్టిరి. మమ్ము ఒక్క మాటయు అనలేదు. అనకపోవుటచేత మాకు మరింత బాధ కలిగెను.

ముందు జాగ్రత్తలు

కొన్ననాడే బిల్లు నకలు తీయించవలెను. ఈ కాలపు బిల్లులు వేడికి అచ్చుపడు నున్నని కాగితముమీద వచ్చుచున్నవి. కొన్ని నెలలకు అక్షరములు మాయమై తెల్లకాగితమగును. మా సభ్యుని బిల్లు అట్లే తెల్లబడెను. దుకాణదారు కంప్యూటరులో నకలు దొరికినది గనుక సరిపోయినది.

అప్‌డేటు వేయుటకు ముందు ఫొటోలు, లెక్కలు, ఫోను నంబర్లు వేరొకచోట నకలుంచవలెను. చార్జీ సగమునకు మించి యుండవలెను. కరెంటు పోవు వేళ వేయరాదు. ధాన్యమో పత్తియో అమ్ముకొను వారములో, పింఛను, బ్యాంకి పనులున్న దినములలో పెద్ద అప్‌డేటును కొన్ని దినములు వాయిదా వేయుట మేలు. వాయిదా వేయవలెనేగాని మానరాదు. వేసిన తేదీని గోడమీది క్యాలెండరులో గీటుపెట్టవలెను. విత్తనము నాటిన తేదీకి గీటుపెట్టువారికి ఇది క్రొత్త అలవాటు కాదు.

సభలో చదివిన తరువాత అడుగదగిన ప్రశ్నలు

1. ఫోను చెడినంతనే మొదట ఏమి చేయవలెను?
2. జాబ్ షీటులో ఏ మాట తప్పక వ్రాయించవలెను?
3. “తరువాత”, “వలన” అను రెండు మాటలకు భేదమేమి? దానిని ఎట్లు చూపగలము?
4. జిల్లా కమిషనునకు ఎన్ని సంవత్సరములలోగా పోవలెను? రుసుమెంత?
5. మీ ఫోను బిల్లు ఇప్పుడు ఎచ్చట నున్నది? చదువుటకు అక్షరములు మిగిలియున్నవా?

అయిదవ ప్రశ్నకు నోటితో జవాబు చెప్పుట చాలదు. ఇంటికి పోయి చూచి, రేపే నకలు తీయించవలెను. సంఘ కార్యాలయములో నకలుయంత్రమున్నచోట కార్యదర్శిగారు సభ్యుల బిల్లులను ఒక ఫైలులో చేర్చి భద్రపరచినచో ఇంకను మేలు. మా ఫోను బిల్లు నకలును ఆ ఫైలునకు మొదటి కాగితముగా మేము ఇచ్చెదము.